లడ్డుకు ఆరేళ్ళు నిండాక, వాడిని మాకిచ్చిన బ్రీడర్ గురించి

ఈ సమీక్షను ఆరేళ్ళ క్రితమే రాసి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చి, కుక్కపిల్ల ఫోటో ఒకటి జత చేసి ఊరుకునేదాన్ని. కొన్న వారంలో ఏ పిల్లయినా ముద్దుగానే ఉంటుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన కీళ్ళు, చర్మం, స్వభావం బయటపడటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అమ్మినవారు ఎలాంటి మనుషులో తెలిసేదీ అప్పుడే. మా లాబ్రడార్ లడ్డుకు మొన్న ఆగస్టులో ఆరు నిండాయి. ఇప్పుడైతే ధైర్యంగా చెప్పగలను.

లడ్డు కంటే ముందు ఒక పిల్ల ఉండేది. 2018 జూలైలో ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి పన్నెండు వేలకు కొన్నాం. తల్లిని చూస్తామంటే "అది ఊళ్ళో ఫామ్‌లో ఉంది మేడం, చాలా దూరం" అన్నాడు అమ్మే అబ్బాయి. మీ ఇంటికే వస్తామంటే శ్రమ ఎందుకు, నేనే తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. మా హబ్సిగూడ దగ్గర మెట్రో స్తంభం పక్కన బైకు ఆపి, చెప్పుల పెట్టె చేతికిచ్చాడు. లోపల పరిచిన పాత దినపత్రిక తడిసి ముద్దయి ఉంది. దాని మీద పిల్ల వణుకుతోంది. చలికి అనుకున్నాం.

రెండు నెలలు నిండాయని చెప్పాడు. మర్నాడు డాక్టర్ గారు దాని నోరు తెరిచి చూసి, ఐదు వారాలకు మించి ఉండదన్నారు. రెండు నెలల పిల్లకు పాలపళ్ళన్నీ వచ్చేసి ఉండాలి, దీనికి వెనుక పళ్ళు ఇంకా చిగురు దాటలేదు. టీకా కార్డులో తేదీ రాసి ఉంది కానీ, డాక్టర్ సంతకం లేదు, మందు సీసా మీది నుంచి తీసి అతికించే లేబులూ లేదు. ఆ కార్డును మేము అప్పటికి నాలుగుసార్లు చూశాం. ఏం చూడాలో తెలియక చూశాం.

మూడో రోజు వాంతులు, ఆ రాత్రి రక్తవిరేచనాలు. పార్వో, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. వైరస్ సోకాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది కాబట్టి, ఆ పెట్టెలోకి రాకముందే అంటుకుని ఉంటుందని డాక్టర్ గారు చెప్పారు. సెలైన్ ఎక్కించడానికి ముందుకాలి మీద రూపాయి బిళ్ళంత మేర బొచ్చు గీశారు. ఐదో రోజు తెల్లవారుజామున చనిపోయినప్పుడు మా పాప ఆ చోటే వేలితో నిమురుతూ కూర్చుంది. దానికి పేరు ఇంకా కుదరలేదు. ఐదు రోజుల్లో పాప మూడు పేర్లు మార్చింది. అమ్మిన అబ్బాయి ఫోను ఆ తరువాత మోగలేదు.

పార్వో వైరస్ ఇంటి నేల మీద, పెరటి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. కొన్ని నెలల పాటు టీకాలు పూర్తికాని పిల్లను ఇంట్లోకి తేవద్దన్నారు డాక్టర్ గారు. మేము ఏడాది ఆగాం. ఆ ఏడాదిలోనే చాలా నేర్చుకున్నాను. కుక్కల పెంపకం, విక్రయాలపై కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు దాటేదాకా జత కట్టించకూడదు. ఏడాదికి ఒక్క కాన్పు, జీవితం మొత్తం మీద ఐదు. ఇది ముందే తెలిసి ఉంటే "మీ నమోదు పత్రం చూపిస్తారా?" అని ఒక్క మాట అడిగేదాన్ని. ఆ అబ్బాయి అక్కడే తప్పుకునేవాడు.

రెండోసారి బ్రీడర్‌ను చెప్పింది మా డాక్టర్ గారే. సైనిక్‌పురి వైపు సొంతింట్లో ఉంటారు, అరవై దాటిన ఆవిడ. ఆవిడ దగ్గర రెండే ఆడకుక్కలు, రెండూ లాబ్రడార్లే. ధర అడగడానికి ఫోను చేస్తే ప్రశ్నలు ఆవిడ మొదలుపెట్టారు. పగలు ఇంట్లో ఎవరుంటారు? అద్దె ఇల్లా, సొంతమా? అపార్ట్‌మెంట్ అయితే మిగతావాళ్ళకు అభ్యంతరం లేదు కదా? ముందు కుక్క ఉండేదా, ఏమైంది? నేను పార్వో అనగానే గొంతు మారింది. ఏ నెలలో, నేలను దేనితో కడిగారు, ఆ పిల్ల పడుకున్న గుడ్డలు ఏం చేశారు అని వరుసగా అడిగారు. బ్లీచింగ్ పౌడర్ అన్నాను. "మంచి పని చేశారమ్మా, ఫినాయిల్‌తో ఆ వైరస్ చావదు" అన్నారు. ఆ మాటతోనే నాకు సగం నమ్మకం కుదిరింది.

నాలుగు నెలలు ఆగాం. పిల్లలకు అయిదో వారం వచ్చాక రమ్మన్నారు. గేటు దగ్గరే చెప్పులు విడిపించి, కాళ్ళు కడిగించి, ఆ రోజు పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. మా వారు కాస్త నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. ఏడు పిల్లలు, మెడలో ఏడు రంగుల రిబ్బన్లు. పక్కన ఒక నోటుపుస్తకం, అందులో ప్రతి రంగు కింద పుట్టిన రోజు నుంచి బరువులు. పసుపు రిబ్బను పిల్ల రెండో రోజున బరువు తగ్గిందట, ఆ అంకె కింద ఎర్రగీత, పక్కన రాత్రి రెండు గంటలకు సీసాతో పాలు పట్టినట్టు రాసి ఉంది. ఆ పసుపు రిబ్బనే మా లడ్డు.

తల్లి వచ్చి మా వారి మోకాలి మీద తల ఆనించి నిలబడింది. కాన్పై నెల దాటిన కుక్క కాబట్టి ఒళ్ళు తగ్గి ఉంది, బొచ్చు రాలి ఉంది, కానీ కళ్ళలో బెదురు లేదు. తల్లిని చూడాలని అందరూ చెప్పే మాట నాకు ఆ రోజు అర్థమైంది. కొత్త మనుషులను చూసి తల్లి ఎలా ఉంటుందో, దాని వెంట తిరిగే పిల్లలు అదే నేర్చుకుంటారు. తండ్రి అక్కడ లేదు. అది అనుమానించాల్సిన విషయం కాదు, మంచి బ్రీడర్లు తమ కుక్కకు తగిన జోడీని వేరే చోట వెతుక్కుంటారు. ఆ తండ్రి కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు, రెండేళ్ళు దాటాక తీయించిన తుంటి కీళ్ళ ఎక్స్‌రే చూపించారు. తల్లిదీ చూపించారు. లాబ్రడార్లలో తుంటి కీలు గుంటలో సరిగా ఇమడని జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రం వంశం ఏమిటో చెబుతుంది, ఆరోగ్యం గురించి హామీ ఇవ్వదు. "పేపర్లు ఉన్నాయండీ" అన్న మాటకు పొంగిపోయేవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

పిల్లను మేము ఎంచుకోలేదు. చిన్న పిల్లలున్న ఇల్లు, పగలు అత్తయ్య ఒక్కరే ఉంటారు కాబట్టి నెమ్మదైనదే ఇస్తానన్నారు. తొమ్మిదో వారంలో ముప్పై అయిదు వేలు తీసుకుని, రసీదు, చర్మం కింద పెట్టిన గుర్తింపు మైక్రోచిప్ నంబరు, టీకా కార్డు, తల్లి వాసన ఉన్న తువ్వాలు ఇచ్చారు. రెండు పేజీల కాగితం మీద సంతకాలు చేయించుకున్నారు. అందులో ఒక వాక్యం: ఏ వయసులోనైనా, ఏ కారణంతోనైనా పెంచుకోలేకపోతే కుక్కను తిరిగి నాకే ఇవ్వాలి. చిప్‌ను మా డాక్టర్ గారి దగ్గర స్కాన్ చేయించాం, పదిహేను అంకెలూ సరిపోయాయి.

లోపాలు లేవని కాదు. కేసీఐ పత్రం చేతికి రావడానికి అయిదు నెలలు పట్టింది. అపార్ట్‌మెంట్ కాని విడి ఇంట్లో పెరిగిన పిల్ల కావడంతో లిఫ్టు అంటే రెండు నెలలు హడలిపోయాడు. మూడో అంతస్తు దాకా ఎత్తుకుని మోశాం. ఫ్లాట్లలోకి వెళ్ళే పిల్లలకు అలాంటి శబ్దాలు ముందే అలవాటు చేయించి ఉండాల్సింది, ఆవిడకు ఆ మాట చెప్పాను కూడా.

అసలు పరీక్ష 2022 వానాకాలంలో వచ్చింది. లడ్డుకు చెవులు ఎర్రబడి, పాదాలు నాకి నాకి పుండ్లు చేసుకున్నాడు. చర్మ అలర్జీ, జీవితాంతం చూసుకోవాలన్నారు డాక్టర్ గారు. ఆవిడకు ఫోను చేయడానికి నాకు మనసు రాలేదు, నిందించినట్టు ఉంటుందేమోనని. చేశాను. మా ఇంట్లో ఎప్పుడూ లేదనో, మీరు పెట్టే తిండి వల్లనో అంటారని సిద్ధపడ్డాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత రిపోర్టులు పంపమన్నారు. వారం రోజుల్లో మిగతా ఆరుగురు యజమానులకూ ఫోన్లు చేశారు. ఎర్ర రిబ్బను పిల్లకు కూడా అదే బాధ ఉందని తేలింది. అప్పటికి ఆ తల్లికి మరో కాన్పు కోసం నలుగురు బయానా ఇచ్చి ఉన్నారు. డబ్బు వెనక్కి ఇచ్చేసి, ఆ తల్లికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. ఆ సంగతి ఆవిడ నాకు చెప్పలేదు. బయానా వెనక్కి తీసుకున్న నలుగురిలో ఒకరు మా ఆఫీసులో పనిచేస్తారు, వారి ద్వారా తెలిసింది.

లడ్డు అలర్జీకి నెలనెలా మందులు, వారానికోసారి మందు షాంపూ స్నానం తప్పవు. ఖర్చూ ఉంది, శ్రమా ఉంది. అయినా మళ్ళీ అడిగితే ఆ గేటు దగ్గరే కాళ్ళు కడుక్కుంటాను. జాతి కుక్కే కావాలన్న పట్టు లేనివారు మాత్రం నాలుగు నెలలు ఆగే ముందు ఒకసారి బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి జంతు సంరక్షణ సంస్థకు వెళ్ళి చూడండి. మా చెల్లెలు తెచ్చుకున్న వీధికుక్క పిల్లకు ఈ హైదరాబాద్ ఎండ ఒక లెక్కే కాదు.

ఆవిడ ప్రతి ఆగస్టులో, పిల్లలు పుట్టిన తేదీన ఫోను చేస్తారు. ఈసారి బరువెంత అని అడిగారు. ముప్పై ఆరు కిలోలన్నాను. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "పసుపు కదూ? పోయినేడు ముప్పై మూడున్నర. అత్తయ్యగారికి ఫోను ఇవ్వండమ్మా, ఆవిడతో మాట్లాడాలి" అన్నారు.