జె.జె. ప్రూమ్ రీస్లింగ్: ఎండ ఏడాది, చలి ఏడాది

ముందే చెప్పేస్తాను, ఘాటూ బరువూ ఓక్ చెక్క వాసనా కావాలనుకునేవాళ్లు ఈ వైన్ జోలికి వెళ్లకండి. ఇది జర్మనీలో మోజెల్ నది ఒడ్డున వేలెన్ అనే చిన్న ఊళ్లో ప్రూమ్ కుటుంబం చేసే రీస్లింగ్, అంటే ఆ పేరున్న తెల్లద్రాక్షతో చేసే వైన్. కాస్త తీపి, గట్టి పులుపు, ఆల్కహాల్ ఎనిమిది శాతానికి అటూ ఇటూ. ఉద్యోగం కోసం ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి ఇక్కడే ఉండిపోయాక ఒకే ఇంటి వైన్‌ని ఇన్ని వేర్వేరు సంవత్సరాల్లో తాగింది ఇదొక్కటే. అందుకే ఎవరైనా "ప్రూమ్ ఎలా ఉంటుంది?" అని అడిగితే, ఏ ఏడాదిది అని ఎదురు ప్రశ్న వేస్తాను.

ఇంటి సంగతి క్లుప్తంగా చెప్తాను. ప్రూమ్ వంశం ఆ ఊళ్లో శతాబ్దాలుగా ఉంది. ఆస్తి పంపకాల్లో వచ్చిన వాటాతో 1911లో యోహాన్ యోసెఫ్ ప్రూమ్ పేరు మీద ఈ ఎస్టేట్ మొదలైంది. ఆయన కొడుకు సెబాస్టియన్ దీనికి పేరు తెచ్చాడు. 1969 నుంచి సెబాస్టియన్ కొడుకు మాన్‌ఫ్రెడ్ నడిపాడు. లా చదివిన ఆయన కూతురు కాతరీనా 2003 నుంచి పనిలో ఉంది. ఇల్లు నదికి ఇవతల, అసలైన తోట అవతల. నిటారుగా లేచిన కొండవాలు మీద, బడి పలకల్లా పొరలు పొరలుగా ఊడే నీలిరంగు రాయిలో తీగలు నాటారు. ఆ వాలు మీద 1842లో యోడోకుస్ ప్రూమ్ కట్టించిన నీడగడియారం ఉంది. తోటలో పనిచేసేవాళ్లు టైమ్ చూసుకోవడానికని కట్టించాడట. ఇప్పుడు ఆ తోటనే దాని పేరుతో వేలెనెర్ జొన్నెనూర్ అంటున్నారు.

చేసే పద్ధతిలో ఆర్భాటమేమీ లేదు. ద్రాక్షతోపాటు వచ్చిన సహజమైన ఈస్ట్‌తోనే రసాన్ని పులియనిస్తారు. గాలి తగలకుండా చూస్తారు. చక్కెర మొత్తం ఆల్కహాల్‌గా మారకముందే ఆపేస్తారు. తీపి మిగలడం, మత్తు తక్కువగా ఉండడం రెండూ అందువల్లే. పులిసేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంత వైన్‌లోనే ఉండిపోతుంది. లేత సీసా తెరిస్తే నాలుక మీద సన్నగా చిటపటమంటుంది. దాంతోపాటు గంధకం వాసన కూడా వస్తుంది. మా బావమరిది మొదటిసారి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "అగ్గిపుల్ల గీశావా బావా?" అన్నాడు. చెడిపోయిందేమోనని కంగారు పడొద్దు. ఈ ఇంటి లేత వైన్లకు అది పుట్టుకతో వచ్చే లక్షణం. ఓ గంట తెరిచి ఉంచితే సగం పోతుంది, కొన్నేళ్లు దాస్తే పూర్తిగా పోతుంది. నాకైతే ఆ వాసన ఇప్పుడు ఇష్టంగానే ఉంది. మా ఆవిడకి ఇప్పటికీ కాదు.

సున్నితమైన వైన్ అనగానే పల్చనిది అనుకుంటారు కొందరు. ఇది పల్చన కాదు. తీపి, పులుపు, ఆ చిటపట మూడూ సరిగ్గా తూగుతాయి కాబట్టి బరువు తెలియదు, అంతే. ఆ తూకాన్ని ప్రతి ఏడూ ఒక్కలాగే నిలబెట్టడం ఇంటివాళ్ల చేతుల్లో లేదు.

చలి ఏడాదికి 2010ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఏడు మోజెల్‌లో పంట తక్కువ, ద్రాక్షలో చక్కెర బాగానే ఉంది, పులుపు మాత్రం భయపెట్టేంత. ఇతర తోటల్లో చాలామంది ఆ పులుపును తగ్గించడానికి సుద్దపొడి కలిపారు. ఆ ఏటి జొన్నెనూర్ ష్పేట్‌లేజెను (బాగా పండాక కోసిన ద్రాక్షతో చేసే రకం) లేతగా ఉన్నప్పుడు తాగితే పళ్లు జివ్వుమన్నాయి. పదేళ్లు దాటాక అదే సీసా, అదే పులుపు, కానీ దాని చుట్టూ తేనె, ఎండిన ఆప్రికాట్ చేరాయి. నా దగ్గరున్న వాటిలో చివరిదాకా దాచుకోవాలనిపించేది ఇదే. దాని పక్కన 2011 పెడితే పూర్తిగా వేరే మనిషి. మెత్తగా, పీచ్ పండు వాసనతో, మొదటి రోజు నుంచే కలుపుగోలుగా ఉండేది. కొని వెంటనే తాగినవాళ్లు సంతోషించారు. దాచినవాళ్లకు అంత ఎక్కువేమీ దక్కలేదని నా అభిప్రాయం.

ఇక ఎండ సంగతి. 2003 వడగాలుల వేసవిని అప్పుడు ఇక్కడివాళ్లు వింతగా చెప్పుకునేవారు. 2018 వచ్చేసరికి అలాంటి వేసవి మామూలైపోయింది. వేడికి ద్రాక్షలో చక్కెర పెరుగుతుంది, పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం మాత్రం తీగ మీదే ఖర్చైపోతుంది. ఇక్కడే జర్మన్ చట్టంలోని మెలిక ఒకటి తెలుసుకోవాలి. కాబినెట్, ష్పేట్‌లేజె, ఆవుస్‌లేజె అని ద్రాక్ష పక్వాన్ని బట్టి పైకి వెళ్లే మెట్లకు 1971 చట్టం కోతనాటి రసంలో కనీసం ఇంత చక్కెర ఉండాలని చెప్పింది, ఇంతకు మించకూడదని చెప్పలేదు. అందువల్ల వేడి ఏడాదిలో ష్పేట్‌లేజెకు సరిపోయే పండుతో చేసినదాన్ని కూడా కాబినెట్ అని అమ్మొచ్చు. 2018 కాబినెట్ తాగినప్పుడు నాకు సరిగ్గా అదే అనిపించింది. చక్కటి వైనే, కానీ కాబినెట్‌లో నేను వెతుక్కునే ఆ తేలికదనం లేదు. తక్కువ డబ్బుకు ష్పేట్‌లేజె దొరికిందని సంబరపడేవాళ్లు ఉన్నారు. నేను పడలేదు.

ఇవన్నీ చూశాక 2021 వచ్చింది. చల్లటి వేసవి, వానలు, ఆకులకు బూజు తెగులు, ఆలస్యంగా కోత. రైతులకు కష్టకాలం, కాబినెట్ ప్రేమికులకు పండగ. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, తడిరాయి, తీపి ఉందా లేదా అన్నట్టు. కాబినెట్ అంటే ఏమిటో చూపించమంటే ఈ సీసాయే చూపిస్తాను. 2015, 2019 ఈ రెండు కొసలకూ మధ్యలో ఉంటాయి. ఎండా ఉంది, పులుపూ నిలిచింది. నిర్ణయించుకోలేకపోతే వాటిని కొనుక్కోండి. 2017లో ఏప్రిల్ మంచుదెబ్బకు పంట బాగా తగ్గింది, మిగిలిన కాయల్లో సారం మాత్రం చిక్కబడింది.

తోటల మధ్య తేడా కూడా ఏడాదిని బట్టే తేలుతుంది. పక్కనే ఉన్న గ్రాఖ్ ఊరి హిమ్మెల్‌రైష్ తోటలో మట్టి కాస్త లోతు. వాన రాని వేసవిలో అక్కడి తీగలు తట్టుకుంటాయి. జొన్నెనూర్ రాతినేల త్వరగా ఎండిపోతుంది. పేరు, ధర రెండింటిలోనూ జొన్నెనూర్‌దే పైచేయి. అయినా కరువు ఏడాదిలో నేను హిమ్మెల్‌రైష్ వైపే చెయ్యి చాపుతాను. అందులో ఓ మొరటు చురుకు ఉంటుంది, ఎండ దాన్ని పూర్తిగా అణచలేదు.

మన భోజనంతో ఎలా ఉంటుందనేది చాలామంది అడిగేదే. కారం ఉన్న కూరతో పద్నాలుగు శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ తాగితే నోరు రెండింతలు మండుతుంది. ఇందులో మత్తు తక్కువ, తీపి ఉంది కాబట్టి మంట దిగుతుంది. రొయ్యల వేపుడు, అల్లం పచ్చడితో పెసరట్టు, మిరియాల కోడి ఇగురు వీటితో కాబినెట్ హాయిగా వెళ్తుంది. చేపల పులుసుతో మాత్రం ఏడాది చూసుకోవాలి. చింతపండు పులుపు ముందు 2018 చప్పగా తేలిపోయింది, 2021 ఎదురు నిలబడింది. ఆవకాయతో ఏదీ నిలబడదు, ప్రయత్నించకండి. ఆవుస్‌లేజెను భోజనంలోకి తేవడం దండగ. దాన్ని పదిహేను ఇరవై ఏళ్లు పక్కన పెట్టి, తర్వాత తిండేమీ లేకుండా దాన్నొక్కదాన్నే తాగాలి.

కొనేటప్పుడు లేబుల్ కింద చిన్న అక్షరాల్లో ఉండే ఏపీ నంబర్ (వైన్‌కు జరిగే అధికారిక పరీక్షలో ఇచ్చే నంబర్) చూడండి. చివరి రెండంకెలు సీసా పరీక్షకు వెళ్లిన సంవత్సరం, వాటికి ముందున్నవి ఏ బాచ్ అనేది చెప్తాయి. పేరూ ఏడాదీ ఒకటే అయినా రెండు ఆవుస్‌లేజెలు వేర్వేరు బాచ్‌లవి కావచ్చు. మూత మీది బంగారు రంగు తొడుగు ఉంటే అది ఇంటివాళ్లు మేలైనదిగా ఏరి పక్కన పెట్టిన సరుకు, ధరా అలాగే ఉంటుంది. మొదటిసారి కొనేవాళ్లకు దాని అవసరం లేదు.

ఫ్రిజ్‌లోంచి తీశాక పది నిమిషాలు బయట పెట్టి పోసుకోండి, మరీ చల్లగా ఉంటే పులుపు తప్ప ఇంకేమీ తెలియదు. చలి ఏడాది సీసాలు దొరికితే రెండు కొనండి. ఒకటి ఈ వేసవిలో తాగడానికి, రెండోది ఎక్కడో వెనక అరలో పెట్టి మర్చిపోవడానికి. ఎండ ఏడాదివైతే ఒకటి చాలు.