తెర చూడకుండా, దూరం నుంచే డెబియన్ ఇన్‌స్టాలేషన్: ఏళ్లుగా వాడుతున్న అనుభవంతో

నాకు చూపు లేదు. లినక్స్ సర్వర్ల నిర్వహణ నా ఉద్యోగం. ఈ రెండూ కలిపి చెప్పగానే చాలామంది మొదట అడిగేది ఒకటే: "మరి మెషీన్‌లో ఓఎస్ ఎవరు వేసిపెడతారు?" నేనే వేస్తాను. హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని, ఇంకో ఊళ్లో ఉన్న మెషీన్‌కి, దానికి మానిటర్ కూడా తగిలించకుండా వేస్తాను. 2021 ఆగస్టులో డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) 11వ వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఇప్పటి 13 దాకా ఇదే పద్ధతి వాడుతున్నాను. ఏది బాగా పనిచేసింది, ఏది ఇప్పటికీ సతాయిస్తోంది అన్నది ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మాట్లాడే ఇన్‌స్టాలర్ సంగతి. డెబియన్ సీడీ, యూఎస్‌బీ ఇమేజ్‌లలో ఇది మామూలుగానే ఉంటుంది, విడిగా ఏదీ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. బూట్ మెనూ సిద్ధమవగానే కంప్యూటర్ బీప్ కొడుతుంది. మెషీన్‌ని లేపే మూల ప్రోగ్రామ్ పాత రకం బయోస్ అయితే ఒకసారి, కొత్త రకం యూఈఎఫ్ఐ అయితే రెండుసార్లు. అప్పుడు ఎస్ కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ఇన్‌స్టాలర్ గొంతు విప్పుతుంది. ప్రతి ప్రశ్న కింద జవాబులకు నంబర్లు ఉంటాయి, కావలసిన నంబర్ టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. బాణాల మీటలతో వెతుక్కునే పని లేదు. గొంతు మొదట్లో బాగా నెమ్మదిగా ఉంటుంది. క్యాప్స్‌లాక్ పట్టుకుని 6 నొక్కుతూ పోతే వేగం పెరుగుతుంది, 5 నొక్కితే తగ్గుతుంది. శబ్దం పెంచడానికి 2, తగ్గించడానికి 1. ఇంకో మంచి విషయం, గొంతుతో ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఏర్పాటు కొత్త సిస్టమ్‌లోకి కూడా వచ్చేస్తుంది. మొదటిసారి లాగిన్ అయ్యేటప్పుడు మళ్లీ ఇంకొకరిని పిలవాల్సిన పని ఉండదు.

రాజమండ్రిలోని మా బ్రాంచి ఆఫీసులో ఒక డెస్క్‌టాప్‌కి ఇలాగే చేశాను. అక్కడ ఉండే తమ్ముడికి లినక్స్ తెలియదు. ఫోన్‌లో అడిగాను: "పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చెయ్యి. ఎన్నిసార్లు బీప్ వచ్చింది?" "రెండుసార్లు అన్నా." "సరే, ఎస్ కొట్టి ఎంటర్ నొక్కి ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టు." ఆ తర్వాత మెషీన్ అడిగేది నేను ఇక్కడ వింటూ, ఏ నంబర్ కొట్టాలో అతనికి చెబుతూ పోయాను. పని అయింది. అయితే ఫోన్ పట్టుకుని ఇంకొకరు కూర్చోవాలి, అదీ గంటసేపు. పైగా ఈ పద్ధతి సర్వర్లకి అసలు కుదరదు. సర్వర్లలో మామూలుగా సౌండ్ కార్డే ఉండదు, ఇక గొంతు ఎక్కడి నుంచి వస్తుంది?

చాలామందికి తట్టే రెండో దారి రిమోట్ కన్సోల్. సర్వర్‌తో పాటు వచ్చే కేవీఎం (దూరంలోని తెర, కీబోర్డ్, మౌస్‌ని ఇక్కడి నుంచి వాడుకునే ఏర్పాటు) విండో బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, అవతలి తెర ఇక్కడ కనబడుతుంది. కనబడేవాళ్లకి! ఆ విండోలో వచ్చేది బొమ్మ, అక్షరాలు కావు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే నా ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌కి అందులో చదవడానికి ఏమీ ఉండదు. ఒక డేటా సెంటర్ వాళ్లకి ఇదే విషయం రాస్తే, "స్క్రీన్‌షాట్ పంపండి, చూసి చెబుతాం" అని జవాబు వచ్చింది. వాళ్ల దగ్గర సీరియల్ కన్సోల్ సౌకర్యం ఉంది, నేను అడిగితే తప్ప ఆ ముక్క చెప్పలేదు. అది ఆన్ చేయించుకోవడానికి నాలుగు మెయిల్స్ రాయాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సీరియల్ కన్సోల్ అంటే అచ్చంగా అక్షరాలు. సర్వర్‌లో ఐపీఎంఐ (సర్వర్‌ని దూరం నుంచి నడిపించే ఏర్పాటు) ఉంటే ఆ అక్షరాలు నెట్‌వర్క్ మీదుగా నా టెర్మినల్‌లోకి వస్తాయి. ఇన్‌స్టాలర్‌కి బూట్ లైన్‌లో సీరియల్ పోర్ట్ పేరు, వేగం చెప్పాలి, మామూలుగా టీటీవైఎస్0, 115200. అదే లైన్‌లో ఫ్రంట్‌ఎండ్ టెక్స్ట్ అని కూడా చేరిస్తే రంగుల పెట్టెల మెనూ పోయి, మాట్లాడే ఇన్‌స్టాలర్‌లో ఉన్నట్టే నంబర్ల వరస వస్తుంది. ఈ చిన్న మార్పు స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి ఎంత హాయో చెప్పలేను. పెట్టెల మెనూలో ఏది ఎంచుకున్నామో రంగు మార్చి చూపిస్తారు, రంగు మాకు వినబడదు కదా.

ఇక నెట్‌వర్క్-కన్సోల్. ఇన్‌స్టాలర్‌లో ఈ భాగాన్ని లోడ్ చేస్తే, నెట్‌వర్క్ సిద్ధమయ్యాక అది ఆగి, ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ఎవరైనా లోపలికి రావడం కోసం ఎదురుచూస్తుంది. యూజర్ పేరు "ఇన్‌స్టాలర్". పాస్‌వర్డ్ ముందే చెప్పి ఉంచవచ్చు, లేదా మన పబ్లిక్ కీ (పాస్‌వర్డ్‌కి బదులు మనల్ని గుర్తుపట్టడానికి వాడేది) ఏ చిరునామాలో ఉందో చెబితే దాన్ని తెచ్చుకుంటుంది. లోపలికి వెళ్లాక ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టడం ఒక దారి, ఊరికే షెల్ (కమాండ్లు టైప్ చేసే చోటు) తెరవడం ఇంకో దారి. ఇన్‌స్టాలేషన్ మెనూ మాత్రం ఒకే కనెక్షన్‌లో నడపాలి. ఇంకో కనెక్షన్ తెరిస్తే అందులో షెల్ మాత్రమే వాడాలి. అలాగే మధ్యలో వెనక్కి వెళ్లి నెట్‌వర్క్ సెట్టింగ్స్ ముట్టుకుంటే మన కొమ్మ మనమే నరుక్కున్నట్టు, కనెక్షన్ తెగిపోతుంది.

ఇక్కడ ఒక భద్రతా సంగతి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. కనెక్ట్ అయ్యే ముందు పోల్చుకోవడానికి ఇన్‌స్టాలర్ తన హోస్ట్ కీ (ఇది ఫలానా మెషీనే అని తేల్చే కీ) గుర్తును తెర మీద చూపిస్తుంది. తెరే లేనప్పుడు పోల్చుకునే వీలు లేదు. అందుకే నేను దీన్ని ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లోనో వీపీఎన్ మీదనో మాత్రమే వాడతాను, బయటి ఇంటర్నెట్ మీద ఎప్పుడూ వాడను. ఆ కీ కూడా తాత్కాలికమే. ఇన్‌స్టాలేషన్ అయ్యాక కొత్త సిస్టమ్‌కి వేరే కీ వస్తుంది, అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ పెద్ద హెచ్చరిక వినిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, పాత కీని తీసేసి మళ్లీ కనెక్ట్ అయితే సరి.

ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లోకి కూడా ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లవచ్చు. అయితే మామూలుగా అది తనకు తోచిన పాస్‌వర్డ్ పెట్టి తెర మీద చూపిస్తుంది, దాన్ని చదివి చెప్పడానికి అక్కడ ఒకరు ఉండాలి. ముందే ఫైల్ తయారుచేసి ఇస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్ వైపు కిక్‌స్టార్ట్ ఫైల్ ఇలాంటి పనే చేస్తుంది. అవి నేను వాడింది తక్కువ, అందుకని ఇక్కడ తీర్పు చెప్పను.

నాకు అసలైన స్వేచ్ఛ ఇచ్చింది ప్రీసీడ్. ఇన్‌స్టాలర్ అడగబోయే ప్రతి ప్రశ్నకీ జవాబు ముందే ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టుకోవడం. అడగడమే మానేసిన మెషీన్ దగ్గర చూపు ఉన్నా లేనట్టే లెక్క! వందల మెషీన్లు పెట్టుకున్న కంపెనీల్లో చూపున్న ఇంజనీర్లు కూడా ఇదే వాడతారు. మాకోసం ప్రత్యేకంగా కట్టిన పక్కదారి కాదిది, అందరూ నడిచే రోడ్డు. నేను దీన్ని ఇష్టపడేది ముఖ్యంగా అందుకే. ప్రత్యేక సౌకర్యం ఎప్పుడు మూలపడుతుందో తెలియదు, అందరూ వాడేది చెడితే మాత్రం గంటలో గోల మొదలవుతుంది.

ఫైల్‌ని నెట్‌వర్క్ నుంచి ఇస్తుంటే బూట్ లైన్‌లో ఆటో అన్న మాట, ప్రయారిటీ క్రిటికల్ అన్న మాట తప్పక ఉండాలి. లేకపోతే భాష, కీబోర్డ్ ప్రశ్నలు నెట్‌వర్క్ కంటే ముందే వచ్చేస్తాయి, ఫైల్ అందేసరికే మెషీన్ జవాబు కోసం ఆగిపోయి ఉంటుంది. నా ఫైల్‌లో లొకేల్ భారత ఇంగ్లిష్, టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా. రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) లాగిన్ మూసేస్తాను. పాస్‌వర్డ్‌ని హ్యాష్‌గా (అసలు పాస్‌వర్డ్ నేరుగా కనబడని రూపంలో) మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఆ ఫైల్ హెచ్‌టీటీపీ మీద అందరికీ చదవడానికి దొరుకుతుంది. చివర్లో నడిచే కమాండ్‌లో నా పబ్లిక్ కీని కొత్త సిస్టమ్‌లో పెట్టిస్తాను. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ని ఎంచుకోవడం మరిచిపోతే ఇంత కష్టమూ వృథా, మెషీన్ లేచి కూర్చుంటుంది గానీ లోపలికి దారి ఉండదు.

ప్రీసీడ్‌కి ఒక మొండి లక్షణం ఉంది. జవాబు రకానికీ జవాబుకీ మధ్య ఒక్కటే ఖాళీ ఉండాలి. రెండు ఉంటే రెండోదాన్ని జవాబులో భాగంగా తీసుకుంటుంది. చూసేవాళ్ల కంటికి ఈ తేడా అంత తేలిగ్గా ఆనదు. నేను ఆ చోటికి వెళ్లి అక్షరం అక్షరం నడిస్తే స్క్రీన్ రీడర్ "స్పేస్, స్పేస్" అని రెండుసార్లు అంటుంది. మా టీమ్‌లో ఎవరి ఫైల్ పనిచేయకపోయినా ముందు నాకే పంపుతారు. డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ కమాండ్‌కి సీ ఆప్షన్ ఇస్తే ఫైల్ రాసిన తీరు సరిగా ఉందో లేదో అదే చూసి చెబుతుంది, అది కూడా అలవాటు చేసుకోండి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది డిస్క్. ఏ డిస్క్‌ని చెరిపెయ్యాలో ఫైల్‌లో పేరు రాయాలి. మెషీన్‌కి పెన్‌డ్రైవ్ తగిలించి ఉంటే అదే ఎస్‌డీఏ (మొదటి డిస్క్‌కి ఇచ్చే పేరు) అయి కూర్చోవచ్చు, అసలు డిస్క్ ఎస్‌డీబీ అవుతుంది. కొత్త మెషీన్లలో ఎన్‌వీఎంఈ పేర్లు ఇంకో రకం. అందుకని తెలియని మెషీన్ ఏదైనా వస్తే, డిస్క్ జవాబు రాయకుండా మొదట నెట్‌వర్క్-కన్సోల్‌తో లోపలికి వెళ్తాను. ఇన్‌స్టాలేషన్ పార్టిషన్ ప్రశ్న దగ్గర ఆగాక, రెండో కనెక్షన్‌లో షెల్ తెరిచి ప్రోక్ కింద ఉన్న పార్టిషన్స్ ఫైల్ చదువుతాను. అందులో సైజులు కిలోబైట్లలో ఉంటాయి. 976762584 అని వినిపిస్తే అది 1 టీబీ డిస్క్. 488386584 అంటే 500 జీబీ. ఈ రెండు అంకెలూ నాకు సొంత ఫోన్ నంబర్‌లా నోటికొచ్చేశాయి. ఏ పేరు ఏ డిస్కో తేలాక ఫైల్‌లో రాసి, మెషీన్‌ని మళ్లీ మొదటి నుంచి లేపుతాను. గ్రబ్ (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) ఏ డిస్క్ మీద పెట్టాలన్నది కూడా అక్కడే రాసెయ్యాలి, లేదంటే అంతా అయిపోయాక చివరి మెట్టు మీద ఆగి కూర్చుంటుంది.

డెబియన్ 12కి ముందు ఇంకో తలనొప్పి ఉండేది. కొన్ని నెట్‌వర్క్ కార్డులకు ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే, సోర్స్ బయటపెట్టని సాఫ్ట్‌వేర్) విడిగా ఇవ్వాలి, అది దొరక్కపోతే నెట్‌వర్కే రాదు. నెట్‌వర్క్ రాకపోతే మనకి ఏమైందో తెలిసే దారీ లేదు. 2022 అక్టోబరులో డెబియన్ సభ్యులు ఓటు వేసి, ఆ ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇమేజ్‌లలోనే కలపాలని నిర్ణయించారు. 2023 జూన్ 10న వచ్చిన 12 నుంచి అది అమల్లో ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సిద్ధాంతం మీద ఆ చర్చ గట్టిగా నడిచింది, రెండు వైపులా న్యాయం ఉంది. నా మటుకు నాకు ఆ ఓటు వల్ల దూరంలో ఉన్న మెషీన్లు మూగబోవడం బాగా తగ్గింది.

అసలు మెషీన్ ముట్టుకునే ముందు ప్రతిదీ వర్చువల్ మెషీన్‌లో ఒకసారి నడిపించి చూస్తాను. వర్చువల్ మెషీన్లు తయారుచేసే విర్ట్-ఇన్‌స్టాల్ కమాండ్‌కి గ్రాఫిక్స్ వద్దని చెప్పి, కన్సోల్‌ని సీరియల్ మీదికి మళ్లిస్తే అంతా నా టెర్మినల్‌లోనే నడుస్తుంది, ఎక్కడ ఆగిందో అక్కడే వినబడుతుంది. ప్రీసీడ్ ఫైల్‌ని ఇనిట్ఆర్‌డీలోకి (ఇన్‌స్టాలర్ లేచేటప్పుడు మొదట ర్యామ్‌లోకి ఎక్కే ఫైల్) ఎక్కించే ఆప్షన్ కూడా ఉంది, కాబట్టి వెబ్ సర్వర్ కూడా అక్కర్లేదు.

ఇంకా తీరని లోటు ఒకటి ఉంది. బయోస్ సెట్టింగ్స్ తెర మాట్లాడదు. బీప్ వరకు రావాలంటే ముందు మెషీన్ పెన్‌డ్రైవ్ నుంచో నెట్‌వర్క్ నుంచో లేవాలి, ఆ క్రమం మార్చడానికి మామూలు డెస్క్‌టాప్‌లో ఇప్పటికీ చూపున్న మనిషి ఒకరు కావాలి. ఐపీఎంఐ ఉన్న సర్వర్లలో ఈ బాధ లేదు. ఈసారికి పీఎక్స్‌ఈ (అంటే నెట్‌వర్క్) నుంచి లేవమని ఒక కమాండ్, పవర్ తీసి మళ్లీ ఇవ్వమని ఇంకో కమాండ్, రెండూ ఇక్కడి నుంచే. అందుకే సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అన్నది తర్వాత, ముందు నెట్‌వర్క్ మీదుగా సీరియల్ కన్సోల్ వస్తుందా, దానికి విడిగా లైసెన్స్ కొనాలా అని అడుగుతాను. అమ్మేవాళ్లకి తెలియకపోతే, డబ్బు ఇచ్చే ముందే పరీక్షించి చూపించమంటాను.