తేదీ రాసిన పెట్టె: నాలుగు ఇళ్లు మారాక నా సమీక్ష

ఇల్లు మారే ముందు అక్కరలేని సామాను వదిలించుకోవడానికి పదకొండేళ్లుగా నేను ఒకే పద్ధతి పాటిస్తున్నాను. ఈలోగా నాలుగు ఇళ్లు మారాను. ఉంచాలో తీసేయాలో తేలని వస్తువులన్నీ అట్టపెట్టెలో వేసి, టేపు అతికించి, పైన ఆనాటి తేదీ రాయాలి. మూడు నెలల్లో ఏదైనా కావలసివస్తే పెట్టె విప్పి ఆ ఒక్కటే తీసుకోవాలి. మిగిలినవి కొత్త ఇంటి గడప తొక్కకూడదు.

బట్టలకూ గిన్నెలకూ దీన్ని మించిన దారి నాకు దొరకలేదు. మొదటిసారి ఏడు పెట్టెలు కట్టాను. విప్పవలసి వచ్చినవి రెండే: ఒకటి గొడుగు కోసం, రెండోది టార్చిలైటు కోసం. బీరువా తెరిచి నిలబడితే ప్రతి బట్టకూ ఒక జ్ఞాపకం అడ్డుపడుతుంది. మూడు నెలలు కంటికి ఆనకుండా ఉంటే ఆ మమకారం దానంతటదే సడలుతుంది.

అయితే రెండో ఇంటికి మారినప్పుడు గట్టి దెబ్బ తగిలింది. మంచాన్ని ముందే విప్పి, బోల్టులన్నీ చిన్న సంచిలో వేశాను. ఆ సంచి తేలని సామాను పెట్టెలో పడింది. గడువు తీరాక పెట్టెను విప్పకుండానే ఇచ్చేశాను. కొత్త ఇంట్లో మంచం చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి, బిగించడానికి ఒక్క బోల్టు లేదు. పన్నెండు రాత్రులు నేల మీదే పడుకున్నాం. అప్పటినుంచి ఏది విప్పినా దాని బోల్టుల సంచిని ఆ చెక్కకే లోపలివైపు టేపుతో అతికిస్తున్నాను. పెట్టె మూసే ముందు లోపల ఏమేమి ఉన్నాయో మూత మీద రాస్తున్నాను. కాగితాలను మాత్రం పెట్టెలో వేయనే వేయను, ఒక్కొక్కటీ చూడవలసిందే.

బ్యాటరీలకు కూడా ఈ పద్ధతి పనికిరాదు. పాత ఫోన్లలోని లిథియం బ్యాటరీ ఉబ్బినా, బరువు కింద నలిగినా నిప్పు అంటుకోవచ్చు. వాటిని మామూలు చెత్తలోనూ వేయకూడదు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి. పాదరసం ఉండే ట్యూబులైట్లూ, సీఎఫ్ఎల్ బల్బులూ అంతే. పాత కంప్యూటర్ ఇచ్చే ముందు ఫైళ్లు తొలగిస్తే సరిపోదు. హార్డ్ డిస్కులో ఫైలు ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే పోతుంది, దాని మీద వేరే సమాచారం పడేదాకా అసలు విషయం అలాగే ఉంటుంది.

అమ్మకం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెద్ద వస్తువులు తప్ప మిగతావి అమ్మాలని చూడకండి. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, చేతికి కప్పు అందినవారు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కొనేవారు ఇస్తామన్న ధరకు రెట్టింపు పైనే ఉంది. కాసేపటి క్రితం వచ్చిన కప్పుకే అంత తేడా ఉంటే, ఏళ్ల తరబడి వాడిన కుర్చీ మాటేమిటి? ఆ బేరాల్లో నాకు రెండు వారాలు వృథా అయ్యాయి.

రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసే చెక్క అలమరాలను మాత్రం బిగించి ఉండగానే ఇచ్చేయండి. నేను ఒకదాన్ని రెండు ఇళ్లు మోశాను. రెండోసారి మర తిప్పుతుంటే పట్టు దొరకక ఊరికే తిరిగింది, రంధ్రంలోంచి పొట్టు అరచేతిలోకి రాలింది.

మూడు నెలల వ్యవధి లేకపోతే ఈ పద్ధతి సాగదు. మూడోసారి మూడు వారాలే దొరికాయి. అప్పుడు పెట్టెలు పక్కనపెట్టి, చోటు ఎక్కువ తినే వస్తువులతో మొదలుపెట్టాను.

మరొకరి వస్తువును వారిని అడగకుండా పెట్టెలో వేయకూడదన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అమ్మ కుట్టుమిషను ఏళ్లుగా మూలనే ఉంది. నాలుగోసారి మారేటప్పుడు ఏం చేద్దామని అడిగితే, "కుట్టు నేర్చుకుంటున్న పిల్ల ఎవరైనా ఉంటే ఇవ్వు, ఇనుముకు మాత్రం వేయకు" అంది. అలాంటి అమ్మాయి దొరకడానికి నెల పట్టింది. ఆ అమ్మాయి వచ్చే ముందురోజు సాయంత్రం అమ్మ మిషనుకు నూనె వేసి, కొత్త సూది బిగించి, దారం ఎక్కించి పెట్టింది.