కోడ్ కనిపిస్తే చాలా?

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జీకి ఈమధ్య చిన్న పని చేసిపెట్టాను. గది బుక్ కాగానే యాత్రికుడి వాట్సాప్‌కు మెసేజ్, రిసెప్షన్‌లోని షీటులో ఒక వరుస. వాడింది ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n), ఇలాంటి పనులను వాటంతటవే జరిగేలా కలిపే సాఫ్ట్‌వేర్. ఓనరుకు తెగ నచ్చేసింది. "మా బామ్మర్దికీ రేణిగుంట రోడ్డులో లాడ్జీ ఉండాది. మీ సర్వర్లోనే పెట్టి నెలకింతని తీసుకోండన్నా. కోడంతా బయటే ఉండాది గదా, ఫ్రీనే గదా?" అన్నాడు.

చిక్కంతా ఆ 'గదా' దగ్గరే. తిరుమల గర్భగుడి గడప కులశేఖర పడి దాకా వెళ్లి స్వామిని కళ్లారా చూడొచ్చు, గడప దాటలేం. కోడ్ అందరికీ కనిపించినా వాడకానికి హద్దులుండే 'సోర్స్ అవైలబుల్' కూడా అంతే. ఎన్‌ఎయిట్‌ఎన్ లైసెన్స్ ఫైలు తెరిచి ఆయనకే చూపించాను: సొంత వ్యాపారం లోపలి పనులకు వాడుకోవచ్చు. నా సర్వర్లో నడిపి నలుగురికి అద్దెకిస్తానంటే మాత్రం కంపెనీతో విడిగా ఒప్పందం కావాలి. బామ్మర్ది తన సర్వర్లో పెట్టుకుని, నాకు కూలి ఇస్తే ఏ ఇబ్బందీ లేదు.

అసలైన ఓపెన్ సోర్స్‌లో ఆ గడప లేదు. ఎవరైనా, ఏ వ్యాపారానికైనా వాడొచ్చు, అమ్మొచ్చు. షరతులు అక్కడా ఉంటాయి. ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సున్న కోడ్‌ను మార్చి నెట్‌లో సర్వీసుగా నడిపితే, మార్చిన ఆ కోడ్ మొత్తం సోర్స్‌ను వాడేవాళ్లకు అందుబాటులో ఉంచాలి.

కంపెనీలనూ పూర్తిగా తప్పుపట్టలేను. వాళ్లు ఏళ్లతరబడి రాసిన కోడ్‌ను పెద్ద క్లౌడ్ కంపెనీలు సర్వీసుగా అమ్ముకుంటుంటే కడుపు మండదా? కానీ ఆ మంట సెగ మనకూ తగులుతుంది. 2023 ఆగస్టులో సర్వర్లను ఏర్పాటు చేసే టూల్ టెరాఫామ్, పోటీ సర్వీసులను అడ్డుకునే బీఎస్‌ఎల్ లైసెన్సుకు మారింది. 2024 మార్చిలో డేటాబేస్ రెడిస్, ఓపెన్ సోర్స్ లైసెన్సయిన బీఎస్‌డీని వదిలేసింది. వాటి పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు, వాల్కీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు పుట్టింది అందుకే. రెడిస్ 2025లో ఏజీపీఎల్‌నూ చేర్చి సగం దారి వెనక్కి వచ్చిందనుకోండి. బీఎస్‌ఎల్‌లో ఒక ఊరట ఉంది: ఒక్కో వెర్షన్ నాలుగేళ్లు దాటకుండా ఓపెన్ సోర్స్ అయిపోవాలి. నాలుగేళ్ల పాత వెర్షన్‌తో సర్వర్ నడిపే ధైర్యం నాకైతే లేదు.

టెరాఫామ్, రెడిస్ రెండూ మొదట అసలైన ఓపెన్ సోర్సే. అందుకే ఇప్పుడు లైసెన్సు పేరుతో పాటు కోడ్ హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా చూస్తాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్క కంపెనీ సొత్తు కాదు, కాబట్టి దాని విషయంలో నిద్ర పడుతుంది.

సొంతానికి వాడుకునే లాడ్జీకి, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సోర్స్ అవైలబుల్ చాలు. ఓపెన్ సోర్సే కావాలని పట్టుబట్టి పని పెంచుకోవడం దండగ. నాలాగా సర్వీసు అమ్ముకుని బతికేవాడికి మాత్రం ఓపెన్ సోర్సే. ఎన్‌ఎయిట్‌ఎన్ లాంటి పనే చేసే, అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సున్న నోడ్-రెడ్‌లో ముందే కలిపి ఇచ్చే రెడీమేడ్ కనెక్షన్లు తక్కువ, లాడ్జీకో కాపీ విడిగా నడపాలి, నాకు చాకిరీ ఎక్కువ. అయినా సరే.

బామ్మర్దికి ఆయన పేరు మీదే సర్వర్ తీసి ఎన్‌ఎయిట్‌ఎన్ పెడుతున్నా. నెల నెలా కట్టే పద్ధతి కావాలని మూడో లాడ్జీ ఎవరైనా వస్తే నోడ్-రెడ్‌తో మొదలుపెడతా.