ఫైర్ స్టిక్కా, ఆండ్రాయిడ్ టీవీ బాక్సా?

విజయవాడలో అమ్మానాన్నల పాత టీవీలో ఓటీటీ యాప్‌లు చూడాలంటే ఈ రెండిట్లో ఏది కొనాలని అడిగేవాళ్లకి నేను షావోమీ వాళ్ల ఆండ్రాయిడ్ టీవీ బాక్సే చెప్తాను. అమెజాన్ వాళ్ల ఫైర్ టీవీ స్టిక్ 4కె చెడ్డదేం కాదు, టీవీ వెనక దాక్కుంటుంది, నోటితో చెప్తే పనిచేసే అలెక్సా బాగా పనిచేస్తుంది. కానీ అందులో ప్లే స్టోర్ ఉండదు, అమెజాన్ యాప్‌స్టోర్‌లో ఉన్నవే దిక్కు, పైగా హోమ్ స్క్రీన్ నిండా ప్రకటనలు. డబ్బులు పెట్టి కొన్నాక కూడా ఇదేంటండీ?

2020లో వచ్చిన షావోమీ బాక్స్, అంటే ‘మీ (Mi) బాక్స్ 4కె’లో ప్లే స్టోర్, ఫోన్‌లోది టీవీలో చూపించే క్రోమ్‌కాస్ట్ రెండూ ఉన్నాయి, యూఎస్‌బీ పోర్టు కూడా ఉంది. మా ఇళ్లల్లో పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి కాబట్టి, గుంటూరు నుంచి పిన్నీ వాళ్లొచ్చినప్పుడు ఆ పోర్టు విలువ తెలుస్తుంది.

స్టోరేజ్ దగ్గర మాత్రం రెండూ నిరాశపరిచాయి. 8 జీబీ ఏం సరిపోతుంది, అందులో కొంత సిస్టమే తినేస్తే నాలుగు ఓటీటీ యాప్‌లు పడగానే నత్తనడక మొదలు. నెట్ వైరు నేరుగా పెట్టుకునే ఈథర్నెట్ పోర్టు కూడా దేనికీ లేదు, అపార్ట్‌మెంట్లలో పక్కింటి వైఫైలన్నీ అడ్డుపడే చోట అది చాలా అవసరం. 2024లో వచ్చిన ఇలాంటి పరికరమే, గూగుల్ టీవీ స్ట్రీమర్‌లో 32 జీబీ, ఈథర్నెట్ రెండూ ఇచ్చారు. ఇకమీదట ఏ కంపెనీ కొత్త బాక్స్ తెచ్చినా మనం అడగాల్సింది కనీసం అంత.