గద్వాల నుంచి సోమశిల దాకా: పాత సంస్థానాల దారిలో

హైదరాబాద్ నుంచి కర్నూలుకు 44వ నంబర్ జాతీయ రహదారి మీద పోయేవాళ్లకు కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా అంటే టీ తాగే చోట్లు, అంతే. ఆ దారిలో కుడికి మళ్లితే ఆత్మకూరు, గద్వాల వస్తాయి. ఎడమకు మళ్లితే వనపర్తి, ఇంకా ముందుకు పోతే కొల్లాపూర్. నాలుగూ ఒకప్పటి రాజధానులే. నిజాంకు ఏటా పేష్కష్, అంటే కప్పం, కట్టి, మిగతా పాలన తమ చేతుల్లో ఉంచుకున్న సంస్థానాలవి. ఐదోది గోపాల్‌పేట. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య, మరుసటి ఏడు జాగీర్ల రద్దు జరిగాక రాజులు పోయి తహసీల్దార్లు వచ్చారు. గద్వాల, అలంపూర్ మొదట రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజనతో మహబూబ్‌నగర్‌లో కలిశాయి. గుల్బర్గా జిల్లాలోని కొడంగల్ కూడా అప్పుడే ఇటు వచ్చింది. అట్లా అరవై ఏళ్లు పాలమూరు పేరుతో ఒకటిగా నడిచిన జిల్లా 2016 అక్టోబర్ 11న మళ్లీ ముక్కలైంది. వనపర్తి, గద్వాల జిల్లా కేంద్రాలయ్యాయి. కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లాలోకి, ఆత్మకూరు వనపర్తి జిల్లాలోకి పోయాయి.

ఈ చరిత్ర ముందే ఎందుకు చెప్పానంటే, ఇటు వచ్చే యాత్రికుడికి మంచి గది ఎక్కడ దొరుకుతుంది, రాత్రి తొమ్మిది తర్వాత తిండి ఎక్కడ ఉంటుంది అన్నది దాన్ని బట్టే తేలుతుంది. కలెక్టరేట్ వచ్చిన ఊళ్లో లాడ్జీ ఉంది, ఏసీ ఉంది, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుంటారు. కలెక్టరేట్ రాని ఊళ్లో రాజభవనం ఎంత గొప్పదైనా సరే, చీకటి పడేలోపు ఇంకో ఊరికి బయల్దేరాల్సిందే.

మేం నల్గొండ నుంచి కార్తీకంలో పోయాం. నేను, నా భార్య, మా మామ. మామ రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనకు ఊరంటే గుడి కాదు, కోట కాదు. అది ఏ తాలూకా, తాలూకాలో ఏ ఫిర్కా (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం), రికార్డు ఏ భాషలో ఉండేది, ఇవీ ఆయన ప్రశ్నలు.

ముందు గద్వాల. మొత్తం దారిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఈ ఊరికే. గద్వాల రాజు సోమనాద్రి కట్టించిన మట్టికోట ఊరి నడిబొడ్డునే ఉంది. బురుజులు పెద్దవి. లోపలికి పోతే చెన్నకేశవస్వామి గుడి, దాంతోపాటు డిగ్రీ కాలేజీ. కాలేజీకి మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు పెట్టారు. సంస్థానం విలీనమయ్యేనాటికి పాలిస్తున్నది ఆమే. కోటను చూడటానికి వచ్చినవాళ్ల కంటే క్లాసులకు వచ్చిన పిల్లలే ఎక్కువ కనిపించారు. గోడలు చాలాచోట్ల కూలుతున్నాయి, కంపచెట్లు మొలిచాయి. ఏది ఎవరు కట్టించారో చెప్పే బోర్డు నాకైతే కనపడలేదు. గుడి మాత్రం శుభ్రంగా ఉంది, పూజారి ఓపికగా చూపించాడు. తెలుగు పండితులు కార్తీక, మాఘ మాసాల్లో సన్మానాల కోసం ఈ ఆస్థానానికి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లట. విద్వద్గద్వాల అన్న పేరు అట్లా వచ్చిందే. ఇప్పుడు బండ్లు చీరల కోసం వస్తున్నాయి.

చీరల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అసలు గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. ఆ కలిపే పనే చీర ఖరీదు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బజారులో కొట్లు వరసగా ఉన్నాయి, కానీ మా ఆవిడ ముందు మగ్గం చూస్తేనే కొంటానంది. ఆటో అబ్బాయి నేతగాళ్ల ఇంటికే తీసుకుపోయాడు. అక్కడ పెద్దామె చీర తిరగేసి, అంచు కలిసినచోట దారాలు వేలితో చూపించింది. “గిది చూసుకో బిడ్డా. కలిపింది కనవడాలె. కనవడకుంటె మిషన్‌ది” అన్నది. కొట్లో అట్లాంటిదే పదకొండు వేలు చెప్పారు, ఇక్కడ తొమ్మిదిన్నరకు ఇచ్చారు. బేరం చేయబోతే మామ ఆపాడు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా ఈ ఊరి నుంచే ఏరువాడ జోడు పంచెలు పోతాయి. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆచారం. ఆ పంచెలు నేసే ఇంటివాళ్లు దీక్ష పట్టి మగ్గమెక్కుతారు. రాజ్యం పోయింది, జిల్లాలు మారాయి, రాష్ట్రం కూడా వేరైంది, పంచెలు మాత్రం ఆగలేదు.

గద్వాలలో బస బాగుంది. బస్టాండుకు నడిచిపోయే దూరంలో లాడ్జీ, ఏసీ గది పద్నాలుగు వందలు, వేడినీళ్లు పొద్దున్నే వచ్చాయి. కింద ఫంక్షన్ హాలు ఉంది కాబట్టి పెళ్లిళ్ల రోజుల్లో నిద్ర మీద ఆశ పెట్టుకోవద్దు. పొద్దున టిఫిన్‌కు ఇడ్లీ అడగకండి, ఉగ్గాని (బొరుగులతో చేసే ఉప్మా లాంటిది), మిరపకాయ బజ్జీ తినండి. నల్గొండలో ఉగ్గాని మాకు పెద్దగా దొరకదు. ఇక్కడ అదే టిఫిన్. “రాయచూరు తాలూకా అని నాలుక చెబుతుంది చూడు అల్లుడూ” అన్నాడు మామ. బజారులో కన్నడం కూడా చెవిన పడుతూనే ఉంటుంది. 2013 నుంచి రాయచూరుకు నేరుగా రైలు కూడా ఉంది.

అలంపూర్ ఇదే జిల్లాలో ఉన్నా దాని బతుకంతా కర్నూలుతోనే. ఆస్పత్రికి, సినిమాకు, బంగారానికి అందరూ తుంగభద్ర దాటి అటే పోతారు. మరి ఫైలు మీద సంతకం కోసం మాత్రం అన్నేళ్లు వంద కిలోమీటర్లకు పైగా ఉన్న మహబూబ్‌నగర్‌కు పోయేవాళ్లు. ఇప్పుడు గద్వాలకు పోతే చాలు. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల గురించి అందరికీ తెలిసిందే కాబట్టి పొడిగించను. జోగులాంబ దర్శనం అయిపోగానే చాలామంది బండెక్కేస్తున్నారు. అట్లా చేయకండి. బాలబ్రహ్మేశ్వరుడి దగ్గర పూజలు జరుగుతాయి, మిగతా గుళ్ల దగ్గర మనుషులే ఉండరు, శిల్పాలను తీరిగ్గా చూడొచ్చు. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునగకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి కట్టిన సంగమేశ్వరాలయం కూడా ఊరి దగ్గరే ఉంది. దానికి ఓ గంట కేటాయించండి. చెప్పుల స్టాండు, పార్కింగ్, కొబ్బరికాయ అన్నిచోట్లా చిల్లర గొడవే, పది రూపాయల నోట్లు దగ్గర పెట్టుకోండి.

గద్వాల నుంచి ఆత్మకూరుకు జూరాల డ్యామ్ మీదుగా పోయాం. గేట్లు ఎత్తినప్పుడైతే జనం, కార్లు, టెన్షన్. మేం పోయినప్పుడు ఖాళీ. డ్యామ్ పక్కన చేపలు వేయించే కొట్లు ఉన్నాయి. చేపను మనమే ఎంచుకోవచ్చు, తూకం మన కళ్ల ముందే. కారం ఎక్కువ, మజ్జిగ అడిగి తీసుకోండి. కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ అని ఒక దీవి ఉంది, దాంట్లో ఊరే ఉంది. పోదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఆత్మకూరు అమరచింత సంస్థానానికి రాజధాని, ముక్కెర వంశం వాళ్లది. ఊళ్లో చూడటానికి పెద్దగా ఏం మిగల్లేదు. కానీ కురుమూర్తి జాతర రోజుల్లో పోతే ఈ ఊరి దర్జా తెలుస్తుంది. కురుమూర్తి స్వామిని పేదల తిరుపతి అంటారు. దీపావళి తర్వాత మొదలయ్యే జాతరకు స్వామి నగలు ఆత్మకూరు నుంచే ఊరేగింపుగా పోవాలి, ఉద్దాలు, అంటే స్వామి పాదుకలు, వడ్డేమాన్ నుంచి రావాలి. గుడి ఉన్న చిన్నచింతకుంట మండలం మహబూబ్‌నగర్ జిల్లాలో మిగిలింది. నగలున్న ఆత్మకూరు వనపర్తి జిల్లాలో చేరింది. రాజుగారి హయాంలో ఒకే ఇంటి వ్యవహారం, ఇప్పుడు ఇద్దరు కలెక్టర్ల బందోబస్తు. మామకు ఈ ముచ్చట తెగ నచ్చింది. దారిలో అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. జాతరలో తినడానికి బోలెడు దొరుకుతుంది, పడుకోవడానికి చోటు లేదు. జనం బండ్ల కిందే పడుకుంటున్నారు. ముసలివాళ్లుంటే సాయంత్రానికి వెనక్కి తిరగడమే మేలు.

వనపర్తి గురించి నా అభిప్రాయం కొంచెం తేడాగా ఉంటుంది. ఊరు బాగుంది, చదువుల ఊరు. రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. సెలవు రోజు పోతే వాచ్‌మన్ దయ మీద ఆధారపడాలి. మాకు బయటి నుంచి చూసే భాగ్యమే దక్కింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, అది వనపర్తి రాజా నిజాంకు ఇచ్చిన ఆఫ్రికన్ అశ్వదళం (ఆఫ్రికన్ కావల్రీ) పేరు మీద వచ్చిందే. చివరి రాజా రామేశ్వరరావు ఆ తర్వాత విదేశాల్లో దౌత్య పదవులు చేసి, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు. తన రాజ్యం కలిసిపోయిన జిల్లాకే ప్రతినిధి కావడం చిత్రమే. మదనాపురం దగ్గరి సరళాసాగర్‌ను తప్పక చూడండి. నీళ్లు ఒక మట్టం దాటగానే గేటు ఎత్తే మనిషి అవసరం లేకుండా సైఫన్లు వాటంతటవే పొంగి వదులుతాయి. 2019 డిసెంబర్ 31న కట్ట తెగింది, మళ్లీ కట్టారు. సైఫన్లు పనిచేస్తుండగా చూడాలంటే వానాకాలమే.

బస దగ్గరే మాకు వనపర్తిలో చేదు అనుభవం. ఫోన్లో మాట్లాడి గది ఖాయం చేసుకున్నాం. తీరా పోయేసరికి ఏదో మీటింగ్‌కు వచ్చిన సార్లకు ఇచ్చేశామన్నాడు కౌంటర్ అబ్బాయి. సారీ కూడా చెప్పలేదు. రెండో లాడ్జీలో దుప్పట్లు మార్చమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. “జిల్లా అయినంక గిరాకీ పెరిగింది సార్, మర్యాద తగ్గింది” అని బయట పాన్‌డబ్బా ఆయన తేల్చేశాడు. సగం డబ్బు ముందే కట్టి రసీదు ఫోన్లో పెట్టుకోండి.

గోపాల్‌పేటకు అరగంట చాలు. ఒకప్పుడు వనపర్తి నుంచే చీలిన సంస్థానం, ఇప్పుడు మండల కేంద్రం. టీ బాగుంది.

వనపర్తి నుంచి కొల్లాపూర్ దారిలో పానగల్ కోట గుట్ట కనపడుతుంది. ఎక్కాలంటే పొద్దున్నే రావాలి. కొల్లాపూర్ సురభి వంశం వారి జటప్రోలు సంస్థానం. నిజం చెప్పాలంటే నాలుగు భవనాల్లో నా కంటికి అన్నిటికంటే అందమైనది ఇక్కడిదే, ఆ నాలుగు ఊళ్లలో వసతులు తక్కువున్నదీ ఇదే. మాధవస్వామి గుడిని శ్రీశైలం ముంపు నుంచి కాపాడి మంచాలకట్ట నుంచి తెచ్చి కట్టారు. బయటి గోడల శిల్పాలు చూస్తుంటే మా ఆవిడ కదలనంది. గుడి దగ్గర కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. అలంపూర్‌కు వచ్చేవాళ్లలో పదోవంతు ఇటు మళ్లినా ఊళ్లో ఓ మంచి హోటల్ నిలబడేది. మాకు జిల్లా ఇవ్వలేదని ఇక్కడివాళ్లు అనడం విన్నాను. రాత్రి ఎనిమిదికి బజారు మూతపడితే ఆ బాధ నాకూ అర్థమైంది.

కాబట్టి పడక సోమశిలలో వేసుకోండి. కొల్లాపూర్ నుంచి కొద్ది దూరమే, కృష్ణ ఒడ్డున పర్యాటక శాఖ హరిత కాటేజీలున్నాయి. శని, ఆదివారాలు ముందుగా బుక్ చేసుకోవాలి. మామూలు రోజుల్లో సులువుగానే దొరికింది. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి నది మొత్తం కనపడుతుంది. రాత్రి భోజనం సాయంత్రమే చెప్పి పెట్టండి. లలితా సోమేశ్వరాలయాల సముదాయాన్ని కూడా ముంపు నుంచి పైకి తెచ్చి కట్టారు. పొద్దున్నే పోతే పూజారి, మీరు, కోతులు. అవతలి ఒడ్డు నంద్యాల జిల్లా. మరబోటు ఆయన, “ఇయ్యాల గాలి ఉంది సార్, నడిమిట్ల దాంక తిప్పి తెస్త, ఆవలికి పోను” అన్నాడు. పైసలు కూడా తక్కువే తీసుకున్నాడు. అట్లాంటి మనిషి బోటే ఎక్కండి, జాకెట్ ఇవ్వకపోతే ఎవరి బోటూ ఎక్కవద్దు. నీళ్లున్నప్పుడు శ్రీశైలానికి లాంచీ కూడా నడుపుతారు. అది కావాలంటే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

సొంత బండి లేనివాళ్లకు ఒక మాట. గద్వాల నుంచి కొల్లాపూర్‌కు నేరుగా బస్సు కోసం ఎదురుచూసి లాభం లేదు, వనపర్తిలో మారాలి. ఈ ఊళ్లన్నిటికీ హైదరాబాద్‌కు, మహబూబ్‌నగర్‌కు బస్సులు బాగానే ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికే కష్టం. ఎర్రవల్లి, పెబ్బేరు, కొత్తకోట చౌరస్తాల్లో దిగి మారుతూ పోవడమే పద్ధతి. కొల్లాపూర్ మామిడి తినాలంటే ఏప్రిల్, మే నెలల్లో పోవాలి. నది తగ్గి అవతలి గట్టున మునిగిన సంగమేశ్వరం గుడి (అలంపూర్ దగ్గరిది కాదు, ఇది వేరే) బయటపడేదీ ఎండాకాలమే. మామ వచ్చే వేసవికే మళ్లీ పోదామంటున్నాడు. పాలమూరు ఎండల సంగతేమిటంటే, సోమశిలలో ఏసీ ఉంది కదా అంటాడు.