సెయింట్ లూయిస్: చూడటానికి పైసా అక్కర్లేదు, కారు ఆపడానికే ఖర్చంతా

ఈ వేసవికి అమెరికాలో మేముండే సెయింట్ లూయిస్‌కి వస్తామంటున్న చుట్టాలు మొన్న వాట్సాప్‌లో ఒక హోటల్ లింకు పంపారు. "డౌన్‌టౌన్‌లోనే, చాలా చవకగా ఉంది, బుక్ చేసేయమంటావా?" అని కింద ఒక మెసేజ్. లింకు తెరిచి చూస్తే అదే హోటల్! 2023 జూన్‌లో మా బావగారికి చుక్కలు చూపించినది. అందుకే ఇది రాస్తున్నాను. ఇకమీద ఎవరడిగినా ఇదే పంపిస్తాను.

అక్కావాళ్లు షికాగో నుంచి కారులో వచ్చారు. అయిదు గంటల ప్రయాణం, చెప్పుకోవడానికేమీ లేదు, దారంతా మొక్కజొన్న చేలే. వెంట ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన అక్క అత్తగారు. మా ఇంట్లో దిగమంటే బావగారు వినలేదు. కిటికీలోంచి ఆర్చ్, అంటే ఈ ఊరికి గుర్తైన ఆ పెద్ద కమాను, కనబడాలని పిల్లల గొడవ. గది 89 డాలర్లే, "షికాగోలో ఆ డబ్బుకి బాత్రూమ్ కూడా రాదు" అని ఆయన సంబరం.

వెళ్లాక అసలు కథ మొదలైంది. కిటికీ తెరిస్తే ఎదురుగా పార్కింగ్ గ్యారేజీ గోడ. ఆర్చ్ వైపు గది కావాలంటే రాత్రికి ఇంకో 30, అది వద్దనుకున్నారు. హోటల్‌కి సొంత పార్కింగ్ లేదు, కారు తీసుకెళ్లి ఆపిపెట్టే వ్యాలే వాళ్లకి ఇవ్వాల్సిందే, రాత్రికి 42. పైన "డెస్టినేషన్ ఫీజు" అని 20. పన్నులు 19 డాలర్ల 40 సెంట్లు. వెరసి 89 డాలర్ల గది 170 డాలర్ల 40 సెంట్లకు తేలింది. రెండు రాత్రులకు 340 డాలర్ల 80 సెంట్లు.

బావగారు కౌంటర్ దగ్గర నిలబడి, ఈ డెస్టినేషన్ ఫీజుకి మాకేం ఇస్తారని అడిగారు. రెండు నీళ్ల సీసాలు, జిమ్, లోకల్ ఫోన్ కాల్స్ అన్నాడట అక్కడి అబ్బాయి. జిమ్‌కి రిపేరు బోర్డు వేలాడుతోంది. "లోకల్ కాల్ ఎవరికి చేసుకోవాలి, మా మరదలికా?" అని ఈయన తెలుగులోనే అరిచారు. చివరికి మేనేజరు వచ్చి ఒక రాత్రి ఫీజు, అంటే 20 డాలర్లు, తగ్గించాడు. ఆ 20 కోసం గంటసేపు నిలబడ్డారు. అత్తయ్యగారు లాబీ సోఫాలో కూర్చుని "పోనీలేరా, ఇరవయ్యే కదా" అంటుంటే ఆయనకి ఇంకా మండింది.

2025 మే నుంచి ఇలాంటి తప్పనిసరి ఫీజులన్నీ ముందే ధరలో కలిపి చూపించాలని అమెరికాలో రూలు వచ్చింది. మంచిదే. కానీ పన్నులూ పార్కింగూ అందులోకి రావు. అసలు దెబ్బ అక్కడే. కారుంటే డౌన్‌టౌన్‌లో దిగొద్దు. పడమటి శివార్లలో, మేరీలాండ్ హైట్స్ వైపో చెస్టర్‌ఫీల్డ్ వైపో చూసుకోండి. అదే వారం మా ఆయన స్నేహితులు అక్కడ దిగితే పన్నులతో కలిపి 121 డాలర్లయింది. పార్కింగ్ ఉచితం, పొద్దున టిఫిన్ కూడా వాళ్లదే. ఇండియన్ షాపులూ ఎక్కువగా ఆ వైపే. బాల్విన్ దగ్గర వైడ్‌మన్ రోడ్డులో ఉన్న హిందూ టెంపుల్ కూడా దగ్గరే. కారు లేకుండా విమానంలో వచ్చేవాళ్ల సంగతి వేరు. ఎయిర్‌పోర్టు నుంచే మెట్రోలింక్ రైలు ఉంది, ఫారెస్ట్ పార్క్ పక్కనే దింపుతుంది.

ఇక ఊరి సంగతి. ఫారెస్ట్ పార్క్ దాదాపు 1,300 ఎకరాలు, న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కంటే పెద్దది. 1904లో వరల్డ్స్ ఫెయిర్ అనే పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది ఇక్కడే. ఇప్పుడు జూ, ఆర్ట్ మ్యూజియం, హిస్టరీ మ్యూజియం ఇందులోనే ఉన్నాయి, సైన్స్ సెంటర్ దీన్ని ఆనుకునే ఉంది. నాలుగింటికీ టికెట్ లేదు. ఎవరి దయా కాదిది. 1970ల మొదట్లో ఇక్కడి జనం వీటి కోసం ఓటేసి ఆస్తి పన్నులో ఒక వాటా వేసుకున్నారు, హిస్టరీ మ్యూజియం తర్వాత చేరింది. మేమూ ఏటా కడుతున్నాం. కాబట్టి మొహమాటపడకుండా వచ్చి చూడండి, మీ టికెట్ డబ్బులు మేం కట్టేశాం.

షికాగోలో ఒక్కో మ్యూజియానికి మనిషికి ముప్పై డాలర్లు కట్టి అలవాటైన బావగారు, ఆర్ట్ మ్యూజియంలో గేటు దాటాక కూడా కౌంటర్ ఎక్కడుందో వెతుకుతూనే ఉన్నారు. 1904 ఫెయిర్ కోసం కట్టిన పెద్ద భవనాల్లో మిగిలింది ఇదొక్కటే. "కళకు అంకితం, అందరికీ ఉచితం" అని ముందు గోడ మీద రాతిలో చెక్కి ఉంటుంది, ఆయన దాన్ని ఫోటో తీసుకున్నారు. హోటల్ బాధ కాస్త తగ్గింది అక్కడే.

జూకి టికెట్ లేదు గానీ వాళ్ల పార్కింగ్ లాటుకి మేం వెళ్లినప్పుడు 15 డాలర్లు. పొద్దున్నే వెళ్తే పార్కు లోపలి రోడ్ల పక్కన ఉచితంగా ఆపుకోవచ్చు. పది దాటితే ఆశ వదులుకోండి. ఫెయిర్ కోసం కట్టిన పెద్ద పక్షుల పంజరం ఇప్పటికీ ఉంది, మనం లోపలే నడవచ్చు. అత్తయ్యగారు అక్కడ ఒక బెంచీ మీద కూర్చుని ఇక కదలనన్నారు. పిల్లలు ఏనుగుల దగ్గరికీ, పెంగ్విన్ల దగ్గరికీ వెళ్లి తిరిగొచ్చేదాకా కొంగల్ని చూస్తూ కూర్చున్నారు. "తెనాలి కాలవగట్టున ఉండేవే ఇవన్నీ" అన్నారు, కానీ లేవమంటే మాత్రం లేవలేదు.

వచ్చేవాళ్లందరూ అడిగేది, ఊరు సేఫేనా అని. నేరాల లెక్కల్లో సెయింట్ లూయిస్ పేరు ఎప్పుడూ పైనే ఉంటుంది. దాని వెనక ఒక తిరకాసు ఉంది. 1876లో నగరం తన కౌంటీ (మన జిల్లాలాంటిది) నుంచి విడిపోయింది. లెక్కల్లోకి వచ్చేది మూడు లక్షల లోపు జనం ఉన్న ఆ చిన్న నగరమే, చుట్టూ ఉన్న పాతిక లక్షల మంది శివారు జనం కాదు. అలాగని భయం లేదని చెప్పను. డౌన్‌టౌన్‌లో కారు అద్దాలు పగలగొట్టడం మామూలే. సీట్ల మీద బ్యాగు కాదు కదా, ఫోన్ ఛార్జర్ వైరు కూడా కనబడనివ్వకండి. రాత్రి పదయ్యాక డౌన్‌టౌన్ వీధుల్లో నడక పెట్టుకోవద్దు. ఫారెస్ట్ పార్క్ వైపు, శివార్లలో మాకెప్పుడూ టెన్షన్ అనిపించలేదు.

ఆర్చ్ చూడక తప్పదు. 630 అడుగుల ఎత్తు, రెండు కాళ్ల మధ్య దూరమూ అంతే. కింది మ్యూజియం ఉచితం. పైకి వెళ్లే ట్రామ్‌కి పెద్దవాళ్లకు మేం 19 చొప్పున కట్టాం. సెలవుల్లో ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు. ట్రామ్ అంటే బస్సులా ఊహించుకోకండి, అయిదుగురు మోకాళ్లు తగిలించుకుని కూర్చునే చిన్న డబ్బా. వంగి ఎక్కాలి. వెళ్లడానికి నాలుగు నిమిషాలు. దానికి ముందూ వెనకా కలిపి వంద దాకా మెట్లున్నాయి. అందుకే మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారితో నేను కింద ఉండిపోయాను. పెద్దవాళ్లను బలవంతంగా ఎక్కించకండి. పైన ఉన్నవి చిన్న చిన్న కిటికీలు, ఒకవైపు మిసిసిపీ, రెండోవైపు పాత కోర్టు, డ్రెడ్ స్కాట్ అనే బానిస తన స్వేచ్ఛ కోసం వేసిన పేరుమోసిన కేసు మొదలైంది అక్కడే. ఒకసారికి చాలు.

పిల్లలకి మాత్రం సిటీ మ్యూజియమే గుర్తుంటుంది. పాత చెప్పుల కంపెనీ భవనంలో 1997లో తెరిచారు. పేరుకే మ్యూజియం, అంతా ఎక్కడం, దూరడం, జారడం. పది అంతస్తుల జారుడుబండ ఉంది, కప్పు అంచున ఒక స్కూల్ బస్సు సగం గాల్లో వేలాడుతుంటుంది. టికెట్ ఇరవై డాలర్ల పైనే, ఈ ఊళ్లో నేను గొణుక్కోకుండా కట్టే టికెట్ ఇదే. మోకాళ్ల ప్యాడ్లు తెచ్చుకోండి. బావగారు ఒక ఇనప గొట్టంలో దూరి ప్యాంటు చింపుకుని కూడా నవ్వుతూనే బయటికొచ్చారు.

వేసవిలో వస్తే ఒక సాయంత్రం ఫారెస్ట్ పార్క్‌లోని మ్యూనీకి వెళ్లండి. ఆరుబయట నాటకశాల, ప్రతి ప్రదర్శనకూ వెనక వైపు దాదాపు 1,500 సీట్లు ఉచితం, ముందొచ్చినవాళ్లవి. మంచినీళ్లు, విసనకర్ర తప్పనిసరి. జూన్, జూలైల్లో ఇక్కడి ఉక్క విజయవాడకు తీసిపోదు. వీలైతే అక్టోబర్లో రండి.

నది దాటి ఇల్లినాయ్ వైపు పావుగంట వెళ్తే కహోకియా మట్టిదిబ్బలు. వెయ్యేళ్ల కిందట అక్కడి ఆదివాసుల మహానగరం, యునెస్కో 1982లో గుర్తించింది. పెద్ద దిబ్బ వంద అడుగులుంటుంది. అక్కకి ఈ ట్రిప్పులో అన్నిటికంటే నచ్చింది అదే, పిల్లలకి బోరు. నీడ ఉండదు, పొద్దున్నే వెళ్లాలి.

తిండిలో ఈ ఊరి గొప్పలన్నీ నమ్మకండి. ప్రోవెల్ అనే చీజ్ వేసిన పల్చటి పిజ్జా పళ్లకంటుకుపోతుంది, నాకు ఇన్నేళ్లయినా నచ్చలేదు. టోస్టెడ్ రవియోలీ అంటే లోపల కూరిపెట్టి నూనెలో వేయించిన పాస్తా, అందులో మామూలుగా మాంసం ఉంటుంది, అడిగి తినండి. చిప్పెవా వీధిలో టెడ్ డ్రూస్ అనే షాపులో ఐస్‌క్రీమ్‌లాంటి ఫ్రోజెన్ కస్టర్డ్ మాత్రం వదలొద్దు. "కాంక్రీట్" అనే బాగా చిక్కటి రకం అడిగితే కప్పు తలకిందులు చేసి మరీ ఇస్తారు, చుక్క కారదు. అయితే ఫ్రోజెన్ కస్టర్డ్‌లో గుడ్డు పచ్చసొన ఉంటుంది. ఆ మాట ముందే చెప్పాను, అత్తయ్యగారు కప్పు పక్కన పెట్టేశారు. "నువ్వు చెప్పకపోతే ఆవిడకి తెలిసేదా?" అని అక్క నా మీద విసుక్కుంది. రెండు కప్పులూ బావగారే తిన్నారు.